గోధుమ సోకని కరకర ఉల్లి

మూడేళ్ళ క్రితం దసరా సెలవులకు మా పెద్దబ్బాయీ కోడలూ గుంటూరు వచ్చినప్పుడు, ఆదివారం నాడు కోడి పులావు వండి, దాని మీద చల్లడానికి బజారు నుంచి తెప్పించిన వేయించిన ఉల్లిపాయల పొట్లం విప్పాను. మా కోడలికి సీలియాక్ వ్యాధి ఉందని తేలి అప్పటికి నాలుగు నెలలే అయింది. ఇంట్లో చపాతీలు మానేశాము, బొంబాయి రవ్వ డబ్బా ఖాళీ చేశాము, సేమ్యా కొనడం ఆపేశాము; గోధుమ అన్నది మా గడప దాటి వెళ్ళిపోయిందనే ధైర్యంతో ఉన్నాను. ఉల్లిపాయల్లో గోధుమ ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ రాత్రే ఆ అమ్మాయికి కడుపునొప్పి మొదలై, రెండు రోజుల పాటు మంచం దిగలేకపోయింది. మూడో రోజు అలమరలో మిగిలి ఉన్న పొట్లాన్ని తీసి, కళ్ళజోడు పెట్టుకుని వెనక వైపు చదివితే, ఉల్లిపాయలు, పామాయిలు, ఆ తరవాతి మాట గోధుమ పిండి. "మీరు బాధపడకండి అత్తయ్యా, తినే ముందు నేనైనా చూసుకోవలసింది" అని తనే నన్ను ఓదార్చింది. ఆ మాట విన్నాక ఇక మా ఇంట్లో ఆ పొట్లం కొనకూడదని, ఆ ఉల్లిని నేనే వేయించాలని నిశ్చయించుకున్నాను. అప్పటి నుంచి చేస్తూ, పాడు చేసుకుంటూ, దిద్దుకుంటూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి అవసరం ఉన్న ఇళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నాయని ఇప్పుడు నాకు తెలుసు.

ముందుగా ఈ వ్యాధి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అనే మాట మన బంధువర్గంలో చాలా సులువుగా వస్తుంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్ళినప్పుడు, సీలియాక్ ఉన్నవారి శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్నప్రేగు మీదనే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని నూగు వంటి పొర దెబ్బతింటుంది. మా కోడలికి ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు వాడినా రక్తహీనత తగ్గకపోవడానికి కారణం అదే. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం తినడమే చికిత్స. అనుమానం ఉన్నవారు గోధుమను ముందే మానేసి పరీక్షకు వెళ్ళకూడదు, గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించుకోవాలి, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు.

ఎంత తక్కువైతే ఫరవాలేదు అనే ప్రశ్నకు సమాధానం అంకెల్లో చూస్తే గాని నాకు ఒంటబట్టలేదు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం, గ్లూటెన్ లేనిదని రాసుకోవాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. ఒక గ్రాము మైదాలో, అంటే చిటికెడు కంటే కొంచెం ఎక్కువ పిండిలో, సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే కిలో బియ్యప్పిండిలో ఒక్క గ్రాము మైదా కలిసినా అది ఆ హద్దుకు నాలుగింతలు దాటిపోయినట్టే. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజున మా వంటింట్లోని ప్రతి వస్తువునూ మళ్ళీ కొత్తగా చూశాను.

అన్నిటికంటే ముందు పట్టుబడింది జల్లెడ. ఎంత కడిగినా దాని అల్లికలో, చుట్టూ ఉన్న పట్టీ మడతలో తెల్లగా పిండి దాగి ఉంటుంది. సూదిమొనతో గీకి చూస్తే రాలింది. కొత్త జల్లెడ కొని, దానికి ఎర్ర దారం కట్టి వేరుగా పెట్టాను. రెండవది నూనె. పండుగ నాడు పూరీలు వేయించిన నూనెను వడకట్టి మర్నాడు మరో వంటకు వాడుకోవడం మా అమ్మ కాలం నుంచి ఉన్న అలవాటు, కానీ ఆ నూనెలో పూరీల పిండి కలిసే ఉంటుంది, వేడి చేసినంత మాత్రాన గ్లూటెన్ పోదు. కాబట్టి ఈ ఉల్లికి ఎప్పుడూ కొత్త నూనే. మూడవది ఇంగువ: మనం కొనే ఇంగువ పొడి చాలా వరకు పిండి కలిపి చేసినది, ఆ పిండి అనేక డబ్బాల్లో గోధుమదే. ఉల్లి వేపుడులో ఇంగువ అవసరం లేదు గాని, మసాలా పొడుల్లో అది ఎక్కడైనా ఉండవచ్చు గనుక డబ్బా వెనక రాసినది చదవకుండా ఏదీ వాడను. గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే పొట్లం మీద ఆ సంగతి తెలపాలని నిబంధన ఉంది కాబట్టి చదివితే దొరుకుతుంది. బజారులో కొలిచి ఇచ్చే వేయించిన ఉల్లికి అలాంటి రాత ఏదీ ఉండదు, దాన్ని అమ్మేవారికి కూడా తెలియదు.

ఇక పిండి మర సంగతి. మా వీధి చివరి మరలో ఒకరి గోధుమలు ఆడిన వెంటనే మరొకరి బియ్యం పోస్తారు. ముందువారి పిండి రాళ్ళ మధ్యనుంచీ గొట్టంలోనుంచీ తరవాతి వారి డబ్బాలోకి రావడం మామూలే. మరలో పిండి గాలిలో తేలుతూ ఉంటుంది, గోడలన్నీ తెల్లగా ఉంటాయి. అందుకని మరకు పంపడం పూర్తిగా మానేశాను. మా ప్రాంతంలో ఇంటింటా వండుకునే సాంబ మసూరి, బీపీటీ 5204 అని 1986లో బాపట్ల నుంచి విడుదలైన వంగడం, పొడిపొడిగా ఉడికే రకం. ఆ బియ్యం పాతవైతే ఇంకా మంచిది. వాటిని కడిగి, నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు వంచేసి, నూలు గుడ్డ మీద నీడలో ఆరబెడతాను. అరిసెల పిండికి తడి ఉండాలి గాని దీనికి తడి పనికిరాదు. గింజను వేళ్ళ మధ్య నలిపితే అంటుకోకుండా పొడిగా విరిగేదాకా, వేసవిలో మూడు గంటలు, ముసురు రోజుల్లో ఒక రాత్రీ ఒక పగలూ ఆరనిస్తాను. తరవాత మిక్సీలో ఆడి జల్లిస్తే, వేలికి సుద్దలా తగిలే పిండి వస్తుంది. ఇంత ఓపిక లేనివారు గ్లూటెన్ లేదని స్పష్టంగా రాసిన బియ్యప్పిండి పొట్లం కొనుక్కోవచ్చు. నేను ప్రయాణాల ముందు అదే చేస్తాను.

గోధుమ లేకపోతే కరకర ఎక్కడి నుంచి వస్తుందని మా ఆడపడుచు అడిగింది. చాలామందికి ఉన్న అనుమానమే అది, అయితే నా మూడేళ్ళ అనుభవం దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. కరకర అన్నది నీరు పోవడం వల్ల వచ్చేది, గోధుమ వల్ల వచ్చేది కాదు. గోధుమ పిండికి తడి తగిలి కలిపే కొద్దీ అందులోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని సాగే గుణం తెచ్చుకుంటాయి. రొట్టె పొంగడానికీ, పరోటా పొరలు పొరలుగా సాగడానికీ అది కావాలి. సన్నని ఉల్లి ముక్క మీది పలచని పూతకు ఆ సాగుడు గుణం వరం కాదు, బరువు. అది తేమను పట్టి ఉంచుతుంది, వేడిగా ఉన్నంతసేపు బాగుండి, చల్లారాక తోలులా సాగుతుంది. బియ్యప్పిండిలో ఆ పెనవేసుకునే మాంసకృత్తు లేదు. నూనెలో అది గాజులా బిగిసి, నోట్లో పుటుక్కున విరుగుతుంది. మనవాళ్ళు చెక్కలకు, జంతికలకు, పకోడీలకు బియ్యప్పిండి కలపడం ఇందుకే. గ్లూటెన్ అన్న మాట పుట్టకముందే మన వంటింట్లో ఈ ఎరుక ఉంది. బియ్యప్పిండి ఒక్కటే వాడితే పూత కొంచెం గరుకుగా వస్తుంది కాబట్టి, మూడు వంతుల బియ్యప్పిండికి ఒక వంతు కార్న్‌ఫ్లోర్ కలుపుతాను. శనగపిండి కలిపి కూడా చూశాను. రుచి పకోడీ వైపు వెళ్ళిపోతుంది, పైగా ఉల్లి వేగే లోపలే పిండి నల్లబడుతుంది. మజ్జిగలో ముంచి పిండి దొర్లించే పద్ధతి కూడా ఒకసారి ప్రయత్నించి వదిలేశాను, పాలలోని చక్కెర వల్ల రంగు తొందరపడి వచ్చి లోపల మెత్తగా ఉండిపోయింది.

ఉల్లిపాయను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది, ఈ విషయంలో నేను చాలా పట్టుదల మనిషిని. ఉల్లిలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా నీరే ఉంటుంది, కానీ అన్ని ఉల్లిపాయల్లోనూ ఆ నీరు ఒకేలా ఉండదు. వానాకాలపు పంట, అంటే కర్నూలు వైపు నుంచి మనకు వచ్చే కొత్త ఉల్లి, కూరకూ పెరుగు పచ్చడికీ చక్కగా ఉంటుంది గాని, వేయించడానికి నీరు ఎక్కువ, నిలవ కూడా ఉండదు. ఎండాకాలం మొదట్లో తవ్వి, ఆరబెట్టి నిలవ చేసే రబీ ఉల్లి గట్టిగా, పొరలు బిగుతుగా ఉంటుంది. మహారాష్ట్ర నుంచి వచ్చే సరుకులో ఇది ఎక్కువ. రైతుబజారులో నేను ఒక్కొక్క పాయనూ మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తాను. మెడ సన్నగా, ఎండి, గట్టిగా ఉంటే తీసుకుంటాను. మెత్తగా లోపలికి దిగితే పక్కన పెట్టేస్తాను. పై పొర ఎండి గలగలమని చప్పుడు చేయాలి. మరీ పెద్దవి వద్దు, మధ్యరకం చాలు.

తరగడం కూడా చెప్పుకోవలసిన విషయమే. పాయను నిలువునా రెండు చెక్కలు చేసి, వేరు నుంచి మెడ వైపుకు, పొరల పొడుగు వెంట సన్నగా కోయాలి. అలా కోసిన ముక్క నూనెలో తన ఆకారం నిలుపుకుంటుంది, అడ్డంగా కోసినది చక్రాలుగా ఊడి చుట్టుకుపోతుంది. మందం రెండు మిల్లీమీటర్లు అనుకోండి, కానీ అంతకంటే ముఖ్యం అన్నీ ఒకే మందంగా ఉండడం. సన్నవీ లావువీ కలిసి పడితే లావు ముక్క వేగే లోపు సన్నది మాడి చేదెక్కుతుంది, ఆ చేదు మొత్తం డబ్బాకు పట్టేస్తుంది. మొద్దు కత్తి ఉల్లిని కోయదు, నలిపేస్తుంది. నలిగిన చోట నీరు ఊరుతుంది. నేను ఇప్పటికీ కత్తిపీట మీదే కోస్తాను, నెలకోసారి సాన పట్టిస్తాను.

కోసిన ముక్కలకు ఉప్పు వేయకూడదు. పకోడీకి ముందుగా ఉప్పు వేసి పిసికితే ఊరిన నీటితోనే పిండి కలుస్తుంది, ఆ వంటకు అదే పద్ధతి. ఇక్కడ మనకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. ముక్కలను చేత్తో విడదీసి, నూలు గుడ్డ మీద పలచగా పరిచి, ఫ్యాను కింద అరగంట సేపు ఆరనివ్వాలి. పై తడి పోయి, ముట్టుకుంటే చల్లగా ఉన్నా వేలికి చెమ్మ అంటనప్పుడు సిద్ధమైనట్టు. తొక్క తీసి తూచిన అర కిలో ఉల్లికి 60 గ్రాముల బియ్యప్పిండి, 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్, పావు చెంచా కారం నా కొలత. కారం ఇంట్లో దంచుకున్నదే వాడతాను. గుంటూరులో ఉండి కారానికి పొట్లం మీద ఆధారపడవలసిన పని లేదు. పిండిని ముక్కల మీద చల్లి, వెడల్పాటి పళ్ళెంలో పైకి కిందికి ఎగరేసి, జల్లెడలో వేసి దులపాలి. పూత కనిపించీ కనిపించనట్టు, మంచు పట్టిన ఆకులా ఉంటే చాలు. అంటని పిండి నూనెలో పడితే అడుగున మాడి నూనెను పాడు చేస్తుంది. ఇంకొక మాట, పిండి పట్టించాక ఆగకూడదు. వాయికి సరిపడా మాత్రమే కలుపుకుంటూ వెంట వెంటనే వేయించాలి, ఆగితే ఉల్లి చెమ్మకు పూత ముద్దవుతుంది.

మూకుడులో ముప్పావు లీటరు వేరుశనగ నూనె పోసి, 160 డిగ్రీల దాకా వేడెక్కనిస్తాను. మా అబ్బాయి ఒక వేడి కొలిచే పుల్ల తెచ్చి ఇచ్చాడు. అది లేనివారు ఒక ముక్క వేసి చూడవచ్చు. అది మునిగి, నెమ్మదిగా బుడగలతో పైకి తేలితే సరైన వేడి, పడగానే ఎర్రబడితే ఎక్కువ, అడుగునే కూర్చుంటే తక్కువ. ఒక వాయికి ఒక గుప్పెడు, 100 గ్రాములకు మించకూడదు. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్కలు నూనె పీల్చుకుంటాయి. ముక్కలు పడగానే నూనె పెద్ద పెద్ద బుడగలతో పైకి పొంగుతుంది. ఆ బుడగలు ఉల్లిలోంచి ఆవిరై బయటికి వస్తున్న నీరు. ఆ నీరు ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు, రంగు మారదు. నాలుగైదు నిమిషాల పాటు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. అప్పుడు మంట పెంచాలనిపిస్తుంది, పెంచకూడదు. చిల్లుల గరిటెతో అప్పుడప్పుడు కదుపుతూ చెవి అటు వేసి ఉంచాలి. ఉడుకుతున్న హోరు కాసేపటికి తగ్గి, సన్నని చిటపటగా మారుతుంది. బుడగలు ఆవగింజంత అవుతాయి, గరిటెకు తగిలే ముక్కలు గలగలమంటాయి. నీరు పోయిందనడానికి గుర్తు అదే. అక్కడి నుంచి రంగు పరుగులు పెడుతుంది. అర నిమిషం ఇటూ అటూ అయితే వాయి మొత్తం పోతుంది. లేత తేనె రంగు రాగానే తీసేయాలి, ఎందుకంటే తీసిన తరవాత కూడా లోపలి వేడికి రంగు ఇంకా ముదురుతుంది. మూకుడులో చూడముచ్చటగా ఎర్రగా ఉన్నవి పళ్ళెంలోకి వచ్చేసరికి నల్లబడి చేదెక్కడం నాకు మొదటి ఆరు నెలల్లో చాలాసార్లు జరిగింది.

తీసిన వాటిని వార్తాపత్రిక మీద వేయడం మన ఇళ్ళల్లో అలవాటు గాని, అచ్చు సిరా ఆహారానికి అంటుకుంటుంది కాబట్టి అది మంచిది కాదు. గుట్టగా పోయడం కూడా తప్పే, కింది వాటి ఆవిరి పై వాటిని మెత్తబరుస్తుంది. స్టీలు జాలీ మీద పలచగా పరిచి, కింద పళ్ళెం పెడతాను. ఉప్పు వేయవలసిన సమయం ఇది: మెత్తని పొడి ఉప్పును, నూనె మెరుపు ఇంకా ఆరకముందే, రెండు వేళ్ళతో ఎత్తు నుంచి చల్లితే అంటుకుంటుంది. అర కిలో ఉల్లికి చివరికి 170 గ్రాముల దాకా మాత్రమే వస్తుంది. ఇంత కష్టానికి ఇంతేనా అనిపించవచ్చు గాని, ఒక చెంచాడు చాలు కంచం నిండా వాసన వస్తుంది.

పూర్తిగా చల్లారాకే, అంటే కనీసం గంట తరవాత, గట్టి మూత ఉన్న గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో సర్దాలి. చలికాలంలో రెండు వారాలు కరకర తగ్గదు. ముసురు పట్టిన రోజుల్లో మూత తీసిన ప్రతిసారీ తేమ లోపలికి పోతుంది గనుక వారానికి సరిపడా చిన్న డబ్బాల్లో విడివిడిగా పోస్తాను. మెత్తబడితే పారేయనక్కరలేదు: మందపాటి మూకుడును పొయ్యి మీద బాగా వేడి చేసి, దించి, అందులో ఉల్లిని పరిచి ఐదు నిమిషాలు వదిలేస్తే మళ్ళీ విరుగుతుంది. ముక్కిన వాసన వస్తే మాత్రం ఆ డబ్బాను ఉంచకూడదు. వేయించగా మిగిలిన నూనెకు ఉల్లి పరిమళం పట్టి ఉంటుంది. వడకట్టి పప్పు పోపుకు రెండు మూడు రోజుల్లో వాడేస్తాను.

పులావుకూ బిర్యానీకీ అని మొదలుపెట్టిన ఈ ఉల్లి ఇప్పుడు మా ఇంట్లో అన్నింటి మీదకూ చేరింది. బొంబాయి రవ్వ ఉప్మా పోయిన చోట బియ్యపు రవ్వతో ఉప్పుడు పిండి వచ్చింది, దాని మీద ఇది చల్లితే పాత ఉప్మా మీద ఎవరికీ బెంగ లేదు. ముద్దపప్పు అన్నంలో, పెరుగన్నం మీద, పెసరట్టు మడత లోపల వేసుకుంటాము. మావారు మరమరాలలో నిమ్మరసం పిండుకుని దీన్ని గుప్పెడు కలుపుకుంటారు. కోడలికి మొదటి రోజుల్లో ఉల్లి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరించేది. ప్రేగు ఇంకా మానలేదని, ఉల్లిలోని ఒక రకం పిండిపదార్థం అప్పుడు పడదని, కొద్ది కొద్దిగా పెంచుకోమని డాక్టరుగారు చెప్పారు. అందుకని తొలి ఏడాది తనకు ఒక చెంచాకు మించి వేసేదాన్ని కాదు. ఇప్పుడు తనే అడిగి వేయించుకుంటుంది.

మొన్న శనివారం అర కిలో చొప్పున రెండు విడతలు వేయించాను. ఒక డబ్బాను కోడలు హైదరాబాదు తీసుకెళ్ళింది. మూత మీద ఎర్ర సిరాతో తన పేరు రాసి, కింద "గోధుమ చెంచా పెట్టకండి" అని తనే అతికించుకుంది. "అత్తయ్యా, ఈసారి ఇంకాస్త లేతగా తీయండి, అక్కడికి చేరేసరికి రంగు ముదిరినట్టుంది" అని నిన్న ఫోనులో చెప్పింది. రెండో డబ్బాలో మూడు వేళ్ళ మందాన మిగిలింది. రేపు ఉదయం ఉప్పుడు పిండికి అది సరిపోతుంది.